పాఠకుల ప్రశ్నలు: హెచ్‌ఐవీ ఉన్నవారికి ప్రయోగాత్మక టీకా

ప్రశ్న: మా తమ్ముడు చాలాకాలంగా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు వాడుతున్నాడు. హెచ్‌ఐవీ ఉన్నవారికే ఇచ్చే టీకాను తొలి దశలో పరీక్షిస్తున్నారని విని, తానూ చేరతానంటున్నాడు. జబ్బు నయమవుతుందా? – ఒక సోదరి, ఏలూరు

జవాబు: నయమవుతుందన్న ఆశతో అయితే చేరవద్దనే చెప్పాలి. తొలి దశ ప్రయోగంలో ప్రధానంగా తేల్చేది టీకా సురక్షితమా కాదా, ఎంత మోతాదు వరకు శరీరం తట్టుకుంటుంది అన్నది మాత్రమే. సూది వేసిన చోట వాపు, ఎరుపు, జ్వరం వంటివి రోజువారీ పట్టికలో రాయిస్తారు. వీటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటుంది: ఉత్తేజితమైన సీడీ4 కణాల్లోనే (రోగనిరోధక శక్తికి కీలకమైన ఒక రకం తెల్ల రక్తకణాలు) హెచ్‌ఐవీ బాగా వృద్ధి చెందుతుంది కనుక, రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపే టీకా వల్ల వైరస్ పెరగడం లేదని రూఢి చేసుకోవడానికి వైరల్ లోడ్‌నూ (రక్తంలో వైరస్ ఎంత ఉందో తెలిపే లెక్క), సీడీ4 సంఖ్యనూ పదేపదే పరీక్షిస్తారు.

1991లో వెలువడిన అమెరికా సైనిక వైద్యుల అధ్యయనంలో జీపీ160 (హెచ్‌ఐవీ పైపొరకు చెందిన ప్రొటీన్) టీకా తీసుకున్న 30 మంది హెచ్‌ఐవీ బాధితుల్లో 19 మందికి కొత్త రోగనిరోధక స్పందన కనిపించింది, తీవ్రమైన హాని కనిపించలేదు. అప్పట్లో అది పెద్ద వార్తే. తరువాత జరిగిన పెద్ద ప్రయోగంలో మాత్రం వ్యాధి నెమ్మదించలేదు.

కొన్ని ప్రయోగాల్లో ఏఆర్‌టీని కొంతకాలం ఆపుతారు. సమ్మతి పత్రంపై సంతకానికి ముందు ఆ సంగతినీ, హాని జరిగితే చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారన్నదీ మీ తమ్ముడు తప్పక అడగాలి.