వయోమింగ్‌లో జరిగే క్రైమ్ నవల రాయడానికి తుపాకుల గురించి ఎంత తెలియాలి?

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో జరిగే క్రైమ్ నవల రాస్తున్నానని, తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదని, పాఠకులు తప్పులు పట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉందని మీరు రాశారు. నేను డెన్వర్‌లో ఉంటాను, ఈ తరహా నవలలంటే ప్రాణం. కొలీగ్స్‌తో షూటింగ్ రేంజ్‌కీ, వేట సీజన్‌లో వయోమింగ్‌కీ వెళ్తుంటాను. మోడల్ పేర్లు బట్టీ పట్టకండి. తుపాకీ పేలితే ఏం జరుగుతుందో తెలుసుకోండి, చాలు.

అన్నిటికన్నా ముందు చప్పుడు. గదిలో నాలుగు రౌండ్లు పేలిన మరుక్షణం రెండు పాత్రలు గుసగుసలాడుకుంటే నేనిక ఆ నవల నమ్మలేను. ఇన్‌డోర్ రేంజ్‌లో చెవులకు మఫ్స్ ఉన్నా, పక్క లేన్‌లో పెద్ద రైఫిల్ పేలితే ఆ అదురు ఛాతీలో తెలుస్తుంది. మామూలు పిస్టల్ చప్పుడే 150 డెసిబెల్స్ దాటుతుంది. సైలెన్సర్ బిగిస్తే అందులో 20, 30 తగ్గుతుందేమో గానీ, పక్కింటివాళ్లకు వినపడకుండా పోదు.

ఆరుబయట కథ వేరు. వేట రైఫిల్ తూటా సెకనుకు సుమారు 800 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది, శబ్దం వేగం 340. అందుకే 300 మీటర్ల దూరం నుంచి కాలిస్తే, ముందు తూటా పక్కనుంచి పోతున్న ‘ఛట్’ వినిపిస్తుంది, అర సెకను తర్వాత గానీ అసలు తుపాకీ మోత రాదు. కొండల మధ్యైతే ప్రతిధ్వనితో ఏ దిక్కునుంచి కాల్చారో అంతుపట్టదు. సాక్షులు తలో దిక్కూ చూపిస్తారు. క్రైమ్ కథకు ఇంతకన్నా ఏం కావాలి!

ఎక్కువగా కనిపించే తప్పులు కొన్ని చెప్తాను. రివాల్వర్ పేలితే ఖాళీ షెల్స్, అంటే తూటా తొడుగులు, అందులోనే ఉండిపోతాయి, నేలమీద పడవు. పిస్టల్ అయితే బయటికి విసిరేస్తుంది. మామూలుగా దొరికే గ్లాక్ కంపెనీ పిస్టల్‌కి బొటనవేలితో నొక్కే సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) ఉండదు. ‘కార్డైట్ వాసన’ అసలే వద్దు, అది పాతకాలపు తుపాకీ మందు, ఇప్పటి తూటాల్లో వాడరు. అనుమానం వస్తే ‘రైఫిల్’ అని రాసి ఊరుకోండి.

మనుషుల అలవాట్లు మాత్రం బాగా గమనించండి. వయోమింగ్‌లో పికప్ ట్రక్కులో రైఫిల్ ఉంటే ఎవరూ ఉలిక్కిపడరు. వేట సీజన్‌లో గేమ్ వార్డెన్ (వేట నియమాలు అమలు చేసే అధికారి) ఆపే ప్రతి మనిషి దగ్గరా తుపాకీ ఉంటుంది, వార్డెనేమో చాలాసార్లు ఒంటరిగానే వెళ్తాడు. కాబట్టి తుపాకీ కనిపించడం కాదు, దాని మూతి ఎటు తిరుగుతోందన్నదే అక్కడ భయం. తుపాకీతో పెద్ద జంతువుల్ని వేటాడేవాళ్లు మెరిసే నారింజ లేదా గులాబీ రంగు వేసుకోవాలని ఆ రాష్ట్రంలో నియమం. సీజన్‌లో రైఫిల్ పట్టుకుని, ఆ రంగు లేకుండా పొదల్లో తిరిగేవాడి మీద పాఠకుడికి మీరు చెప్పకుండానే అనుమానం వస్తుంది.

ఇంకో సంగతి. మీ కథలో హెచ్-1బీ మీద వచ్చిన తెలుగు కుర్రాడు ఉంటే, వాడు నేరుగా షాపుకెళ్లి తుపాకీ కొన్నట్టు రాయకండి. ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, ముందు వాడి చేత అది తీయించండి.