ఏసీ చల్లబడకపోతే గ్యాస్‌ను అనుమానించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పడకగది ఏసీ నుంచి గాలి వస్తోంది గానీ చల్లదనం లేదనీ, మెకానిక్ యంత్రాన్ని చూడకుండానే ఫోన్‌లో గ్యాస్ అయిపోయిందని తేల్చేశాడనీ రాశావు. విజయవాడ ఎండలకు ఈ మాట ప్రతి మే నెలలోనూ వినబడుతుంది. ఏసీలో గ్యాస్ వాడకంతో ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాలలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ గదిలోని వేడిని బయటికి చేరవేస్తుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. అందువల్ల గ్యాస్‌ను చివరి అనుమానంగా పెట్టుకొని, అతను వచ్చేలోగా మిగిలినవి నువ్వే చూడు.

రిమోట్ కూల్ మోడ్‌లో ఉందో లేదో ముందు చూడు. పిల్లలున్న ఇంట్లో అది ఫ్యాన్ మోడ్‌లోకి మారిపోవడం వింతేమీ కాదు. ఆ తరువాత స్విచ్ ఆపి, లోపలి యూనిట్ మూత ఎత్తి, జాలీలు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకో. అవతలి వెలుతురు కనబడకపోతే గాలి కూడా దూరదు. నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టి బిగించు. జాలీ వెనుకనున్న రెక్కల మీద మంచు పేరుకొని ఉంటే గోకవద్దు. కూలింగ్ ఆపి, మంచంతా కరిగేదాకా ఫ్యాన్ మాత్రమే నడవనివ్వు. గాలి సరిగా ఆడకపోయినా, గ్యాస్ తగ్గినా మంచు ఒకే విధంగా పడుతుంది కాబట్టి, శుభ్రం చేశాక కూడా మళ్లీ మంచు కడితే అప్పుడు గ్యాస్ సంగతి ఆలోచించవచ్చు.

బయటి యూనిట్ దగ్గర కొంచెం నిలబడి చూడవలసింది ఉంది. దాని ఫ్యాన్ నుంచి వచ్చే గాలి బయటి గాలికన్నా స్పష్టంగా వేడిగా ఉండాలి, ఎందుకంటే ఆ వేడి నీ గదిలోనిదే. ఫ్యాన్ తిరుగుతున్నా వేడి గాలి రాకపోతే, గ్యాస్‌ను నొక్కి గొట్టాలలో తిప్పే కంప్రెసర్ నడవడం లేదని అనుకోవచ్చు. ఆన్ చేశాక అది మొదలవడానికి మూడు నిమిషాల దాకా పట్టవచ్చు గనుక తొందరపడి నిర్ణయానికి రావద్దు. పాత రకం, అంటే ఇన్వర్టర్ (అవసరాన్నిబట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే రకం) కాని ఏసీలో కంప్రెసర్ కాసేపు గుర్రుమని ఆగిపోతూ ఉంటే ఎక్కువసార్లు తప్పు దాన్ని కదిలించడానికి తోడ్పడే కెపాసిటర్‌దే అవుతుంది. ఆ కెపాసిటర్ తల ఉబ్బి కనిపిస్తే ఇక సందేహం అక్కరలేదు. అది తక్కువ ఖర్చుతో మార్చే వస్తువే అయినా నువ్వు ముట్టుకోవద్దు, కరెంటు ఆపిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉండి షాక్ కొడుతుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే లోపలి యూనిట్ మీద మెరిసే, లోపాన్ని సూచించే అంకెలను ఫోటో తీసి ఉంచు. సాయంత్రాలు మాత్రమే చల్లదనం తగ్గుతోందంటే ఆ వేళల్లో వోల్టేజి ఎంత ఉంటోందో స్టెబిలైజర్ మీద చూసుకో.

గ్యాస్ తగ్గిన గుర్తులు కూడా కంటికి కనబడేవే. యంత్రం నడుస్తుండగా బయటి యూనిట్‌కు చేరే రెండు రాగి గొట్టాలలో సన్నదాని మీద మంచు కట్టి, లావుదాని మీద చల్లదనమే లేకపోతే గ్యాస్ తక్కువగా ఉందని నమ్మవచ్చు. నట్లు బిగించిన చోట నూనె మరక అంటి దుమ్ము పట్టి ఉంటే, గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా అక్కడినుంచి బయటికి వస్తోందని తెలుసుకో. ఆ చోటు మూయకుండా నింపితే వచ్చే ఏడాది మళ్లీ అదే ఫోన్, అదే ఖర్చు. మూసిన తరువాత నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేయించు, వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలినీ తేమనీ తీయించు, ఆపైన యూనిట్ మీది పట్టీలో రాసిన బరువు ప్రకారం తూకం వేసి నింపమను. వాక్యూమ్ ఎందుకు దండగ అనే మెకానిక్‌ను నేనైతే గడప దాటి రానివ్వను. ఇప్పటి ఏసీలలో చాలావాటిలో ఉండే ఆర్-32 అనే గ్యాస్ కొద్దిగా అంటుకునే స్వభావం గలది కనుక, పని జరుగుతున్నప్పుడు కిటికీలు తెరిచి ఉంచు.

మరొక సంగతి. ఒకటిన్నర టన్ను ఏసీ అంటే గంటకు 18,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడిని గదిలోంచి తీసేది. అయితే ఆ లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. 44 డిగ్రీల రోజున, పై అంతస్తులో కాలిపోతున్న స్లాబు కింద, ఏ లోపమూ లేని యంత్రం కూడా వెనుకబడుతుంది. అటువంటప్పుడు 18కి తగ్గించినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. 24 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ వేసుకోవడమే మేలు.

మెకానిక్ పని ముగించాక ఏసీని పావుగంట నడిపించి, అది పీల్చుకునే గాలికీ వదిలే గాలికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా వస్తోందో లేదో థర్మామీటరుతో చూసుకో. ఎన్ని గ్రాముల గ్యాస్ నింపాడో బిల్లు మీద రాయించి, ఆ తరువాతే డబ్బులు ఇవ్వు.

ఇట్లు,
మామయ్య