కోతల గొడవ కాంగ్రెస్‌లో, గండి జీతంలో: 401కే తీసేయాలా?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. నేను హెచ్‌1బీ మీద, ఫెడరల్ ప్రాజెక్టులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో పనిచేస్తున్నాను. నా భార్య హెచ్‌4 వర్క్ పర్మిట్ మీద పార్ట్‌టైమ్ చేస్తోంది, నెలకు 2,900 డాలర్లు చేతికొస్తాయి. ఇంటి ఖర్చు నెలకు 7,000. సేవింగ్స్‌లో 22,000, నా 401కేలో (కంపెనీ ద్వారా కట్టే రిటైర్మెంట్ ఖాతా) 2,10,000 ఉన్నాయి. అందులో 60,000 లాంగ్‌టర్మ్ ట్రెజరీ బాండ్ (అమెరికా ప్రభుత్వ దీర్ఘకాల అప్పు పత్రాలు) ఫండ్‌లో పెట్టాను. ఒక పార్టీ ఖర్చు కొయ్యాలంటుంది, ఇంకోటి పన్ను పెంచాలంటుంది, దేశం అప్పేమో పెరుగుతూనే ఉంది. 401కే తీసేసి ఇండియాలో ఎఫ్‌డీ వేస్తే నయమా?

జవాబు: వద్దండీ. 59½ ఏళ్లు నిండకముందు తీస్తే 10 శాతం పెనాల్టీకే 21,000 డాలర్లు పోతాయి. ఆపైన మొత్తమంతా ఆ ఏడాది మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. అసలు ఉద్యోగంలో ఉండగా చాలా ప్లాన్లు తీయనివ్వవు కూడా. కాంగ్రెస్ ఏం చేసినా మీకు ఇంత నష్టం ఒక్క ఏడాదిలో రావడం కష్టం.

ఈ గొడవ ఎందుకు తెగదో లెక్క చూస్తే తెలుస్తుంది. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం ఖర్చు సుమారు 6.75 ట్రిలియన్ డాలర్లు, రాబడి 4.92. లోటు 1.83. కాంగ్రెస్ ఏటా ఓటేసి మంజూరు చేసే ఖర్చు, రక్షణతో సహా, అంతా కలిపి సుమారు 1.8 ట్రిలియన్. అంటే సైన్యం నుంచి నేషనల్ పార్కుల దాకా అన్నిటికీ తాళం వేసినా లోటు పూడీ పూడనట్టే. మిగతాదంతా సోషల్ సెక్యూరిటీ (పింఛన్లు), మెడికేర్ (వృద్ధుల వైద్యం), మెడికెయిడ్ (పేదల వైద్యం) లాంటి, చట్టం ప్రకారం వాటంతటవే వెళ్లే ఖర్చులు, పాత అప్పుల మీద వడ్డీ. ఆ ఏడాది వడ్డీ రక్షణ ఖర్చును కూడా దాటింది. రిపబ్లికన్లు పన్ను పెంచనివ్వరు, డెమొక్రాట్లు మెడికెయిడ్ మీద చెయ్యి వెయ్యనివ్వరు, సోషల్ సెక్యూరిటీని ముట్టుకోవడానికి ఇద్దరూ జంకుతారు. బడ్జెట్‌లో చివరిసారి మిగులు కనబడింది 1998 నుంచి 2001 వరకే. అందుకని ఏ పార్టీ గెలుస్తుందన్న అంచనా మీద మీ డబ్బు కదపకండి. ఈ తగాదా మళ్లీ మళ్లీ వస్తుందనుకునే ప్లాన్ వేసుకోండి.

మీ భయంలో రెండు వేరే గొడవలు కలిసిపోయాయి. ఒకటి అప్పు పరిమితి, అంటే ప్రభుత్వం ఎంతదాకా అప్పు చేయొచ్చన్న హద్దు. దాన్ని 2025 జూలైలో 5 ట్రిలియన్లు పెంచారు. రెండోది అక్టోబర్ 1కల్లా పాసవ్వాల్సిన బడ్జెట్ బిల్లులు. వీటికి సెనేట్‌లో మామూలుగా 60 ఓట్లు కావాలి కాబట్టి రెండు సభలూ ఒకే పార్టీ చేతిలో ఉన్నా ఆగిపోతాయి. 2013లో 16 రోజులు, 2018-19లో 35 రోజులు, 2025లో 43 రోజులు షట్‌డౌన్ (ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం) ఈ బిల్లులు పాసవ్వకే నడిచింది. మీ ఇంటికి ముందు తగిలేది ఇదే.

ఆగిన జీతం తర్వాత చెల్లించాలని ఫెడరల్ ఉద్యోగుల కోసం 2019లో చట్టం చేశారు. కాంట్రాక్టర్లకు అలాంటి హామీ లేదు. అందుకే మీ మేనేజర్‌ని ఇప్పుడే అడగండి: మన కాంట్రాక్టుకు డబ్బు మొత్తం ముందే కేటాయించారా, విడతలవారీగా ఇస్తున్నారా? ముందే వచ్చి ఉంటే పని చాలావరకు సాగుతుంది. విడతలైతే స్టాప్‌వర్క్ ఆర్డర్ వచ్చిన రోజే బిల్లింగ్ ఆగుతుంది.

ఇక్కడ హెచ్‌1బీ వాళ్లకు ఒక రక్షణ ఉంది, చాలామందికి తెలియదు. ప్రాజెక్టు ఆగినా, ఖాళీగా కూర్చోబెట్టినా, ఉద్యోగంలో ఉంచినంత కాలం ఎల్‌సీఏలో (మీకింత జీతం ఇస్తామని లేబర్ డిపార్ట్‌మెంట్‌కి కంపెనీ ఇచ్చే దరఖాస్తు) రాసిన జీతం కంపెనీ ఇవ్వాల్సిందే. మీ అంతట మీరు సెలవు అడిగితే మాత్రం ఆ బాధ్యత పోతుంది. కాబట్టి "జీతం లేని సెలవు నేనే కోరాను" అని రాసున్న ఫారం ముందుకు తోస్తే సంతకం పెట్టకండి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి.

కంపెనీ జీతం ఇవ్వలేక తీసేస్తే అసలు ముప్పు అది. ఆఖరి పనిదినం నుంచి మీరు ఇక్కడ ఉండగలిగేది 60 రోజులే (ఐ94, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, దాని గడువు ఇంకా ముందుంటే అప్పటిదాకానే). ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి. దానికి లేబర్ డిపార్ట్‌మెంట్ ఎల్‌సీఏ ఆమోదించాలి, మామూలుగా ఏడు పనిదినాలు పడుతుంది. 2013లోనూ, 2025 అక్టోబర్‌లోనూ షట్‌డౌన్ వల్ల ఆ పనే ఆగింది. పైగా మీ భార్య పర్మిట్ మీ హెచ్‌1బీ మీదే నిలబడి ఉంది. రెండు జీతాలూ ఒకే గుంజకు కట్టారన్నమాట. ఈ కారణంగానే మీ ఎమర్జెన్సీ ఫండ్ ఇంకాస్త బరువుగా ఉండాలంటాను.

లెక్క వేద్దాం. మార్ట్‌గేజ్, కారు, డేకేర్, తిండి, ఇన్సూరెన్స్ మాత్రమే ఉంచి మిగతావి ఆపితే 7,000 కాస్తా ఉజ్జాయింపుగా 6,300కి దిగుతుందనుకుందాం. డేకేర్ మానిపించకండి, సీటు పోతే మళ్లీ దొరకడం కష్టం. మీ జీతం ఒక్కటే ఆగితే నెలకు లోటు 3,400, అంటే 22,000 ఆరు నెలలకు పైగా వస్తుంది. ఇద్దరివీ ఆగితే మూడున్నర నెలలే. ఐదు నెలలకు సరిపోయేలా 31,500 దాకా తీసుకెళ్లండి. మిగిలిన 9,500 కోసం 401కే కంట్రిబ్యూషన్‌ని కంపెనీ మ్యాచ్ (మీరు వేసినదానికి కంపెనీ కలిపే వాటా) వచ్చేంతవరకే తగ్గించి, తేడాను కొన్ని నెలలు సేవింగ్స్‌కి మళ్లించండి. మ్యాచ్ మాత్రం వదలొద్దు. 401కే లోన్ జోలికి కూడా పోకండి. ఉద్యోగం పోతే బాకీని ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోపు సర్దాలి, లేకపోతే అది తీసుకున్న డబ్బు కింద లెక్కై పన్నూ పెనాల్టీ రెండూ పడతాయి.

వీసా గడువు శీతాకాలంలో ముగుస్తుంటే ఎక్స్‌టెన్షన్‌కి ఎల్‌సీఏ సెప్టెంబర్‌లోపే ఆమోదం పొందేలా హెచ్‌ఆర్‌ని తొందరపెట్టండి. గడువుకు ఆరు నెలల ముందు నుంచీ వెయ్యొచ్చు. సమయానికి పిటిషన్ పడితే గడువు దాటాక కూడా అదే కంపెనీలో 240 రోజులు పని చేయొచ్చు.

ఇక ఆ 60,000 బాండ్ ఫండ్. లోటు పెరిగితే నిజంగా కదిలేది ఇదే. ప్రభుత్వం ఎక్కువ బాండ్లు అమ్మాల్సొస్తే కొనేవాళ్లు ఎక్కువ వడ్డీ అడగొచ్చు, వడ్డీ పెరిగితే పాత బాండ్ల ధర పడుతుంది. ఫండ్ పేజీలో డ్యురేషన్ అన్న అంకె చూడండి. అది 16 ఉంటే, వడ్డీ 1 శాతం పెరిగినప్పుడు ధర దాదాపు 16 శాతం, అంటే మీకు 9,600 డాలర్లు తగ్గుతుంది. 2022లో ఇలాంటి ఫండ్లు దాదాపు 30 శాతం పడ్డాయి. అయితే ఎప్పుడూ ఒకవైపే పోదు. 2011 ఆగస్టు 5న ఎస్ అండ్ పీ అనే రేటింగ్ సంస్థ అమెరికా అప్పు రేటింగ్ తగ్గించాక జనం భయంతో ట్రెజరీలే కొన్నారు, పదేళ్ల బాండ్ వడ్డీ సెప్టెంబర్‌కల్లా 2 శాతం లోపుకు దిగింది. అందుకే మొత్తం అమ్మమనను. 401కే లోపలే 40,000 డ్యురేషన్ 5-6 ఉన్న ఫండ్‌కి మార్చండి. లోపల మార్పుకి పన్నూ లేదు, పెనాల్టీ లేదు.

ఎఫ్‌డీ సంగతి: మార్ట్‌గేజ్ డాలర్లలో కట్టాలి, కాబట్టి ఎమర్జెన్సీ డబ్బు డాలర్లలోనే ఉండనివ్వండి. వేరే మిగులు ఉండి ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) ఎఫ్‌డీ వేసినా, ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ ఉంటుంది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) దాఖలు చేయాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది.