చంటిపిల్ల డొక్కలు ఎగరేస్తుంటే

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి నాలుగో నెల. పెద్దవాడికి జలుబు చేసి రెండు రోజుల్లో తగ్గిపోయింది గానీ, అదే పాపకి అంటుకుని మూడో రోజుకల్లా ఆయాసం, పిల్లికూతలు మొదలయ్యాయి. ఆర్‌ఎస్‌వి అనే వైరస్‌తో వచ్చిన బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలిగొట్టాల వాపు) అన్నారు. నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు, యాంటీబయాటిక్ మాత్రం ఒక్క డోసు కూడా ఇవ్వలేదు. జ్వరం 100 కూడా దాటలేదు, మరి అంత సీరియస్ ఎందుకైంది? ఇంటికి వచ్చినా ఇంకా దగ్గుతూనే ఉంది. ముందు ముందు ఆస్తమా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ఒక మాట, మీ వల్ల జరిగిన తప్పేమీ లేదు. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకీ ఈ వైరస్ ఒక్కసారైనా సోకుతుంది.

అన్నకి జలుబుతో పోయింది చెల్లికి ఆయాసం దాకా ఎందుకు వెళ్లిందంటే, ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగొట్టాలు ఈ వయసులో మరీ సన్నం. వైరస్ వల్ల వాటి లోపలి పొర వాచి, రాలిన కణాలూ కఫమూ కలిసి దారి పూడిపోతుంది, గొట్టం వెడల్పు సగానికి తగ్గిందంటే గాలికి అడ్డు రెండింతలు కాదు, దాదాపు 16 రెట్లు పెరుగుతుంది. పైగా చంటిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు కాబట్టి ముక్కు దిబ్బడేస్తే పాలు కూడా తాగలేరు. ఇందులో జ్వరం ఎక్కువ ఉండాలనేం లేదు. థర్మామీటర్ చూసి ధైర్యంగా ఉండిపోయి ఆలస్యంగా తీసుకొచ్చేవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

యాంటీబయాటిక్ ఇవ్వకపోవడం సరైన వైద్యమే, అది వైరస్ మీద పనిచేయదు. స్టెరాయిడ్లు, నెబులైజర్‌తో ఇచ్చే ఆయాసం మందులు కూడా ఈ జబ్బులో మామూలుగా పెద్దగా ఉపయోగపడవు. ఆక్సిజన్ అందించడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, ముక్కు శుభ్రం చేయడం, అంతే, మిగతాది ఒళ్లే చూసుకుంటుంది. మూడు నుంచి ఐదో రోజు మధ్య జబ్బు బాగా ముదిరి తర్వాత దిగుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉండొచ్చు, దానికి దగ్గు సిరప్ పోయకండి. ఏడాదిలోపు పిల్లలకి తేనె అసలే నాకించకూడదు. సెలైన్ చుక్కలు ముక్కులో వేసి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి.

మళ్లీ జలుబు చేస్తే పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, రెండు నెలల లోపైతే 60, ఆ పైన ఉంటే వేగం ఎక్కువనే అర్థం. డొక్కలు లోపలికి పోతున్నా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, మూలుగుతున్నా, పాలు సగానికి సగం తగ్గినా, ఉచ్చ బాగా తగ్గినా అదే రోజు చూపించాలి. పెదవులు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగినా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, రెండు మూడు నెలల లోపు పసికందుల విషయంలో ఇవేవీ కనిపించేదాకా ఎదురుచూడకండి.

ఆస్తమా సంగతికొస్తే, ఆసుపత్రిలో చేరేంతగా వచ్చిన పిల్లల్లో కొందరికి తర్వాత జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వస్తాయి. ఎక్కువమందికి పెరిగేకొద్దీ పోతాయి. మీరు గట్టిగా పట్టించుకోవాల్సింది పొగ, ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకూడదు.

ప్రశ్న: నేను ఏడో నెల గర్భిణిని. పుట్టబోయే బిడ్డకి ఇది రాకుండా టీకా ఉందా?

జవాబు: ఉందమ్మా. గర్భిణులకి చివరి నెలల్లో వేసే ఆర్‌ఎస్‌వి టీకా 2023లో కొన్ని దేశాల్లో ఆమోదం పొందింది, తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు (వైరస్‌ని అడ్డుకునే ప్రోటీన్లు) బిడ్డకి చేరి మొదటి నెలల్లో కాపాడతాయి. పుట్టిన బిడ్డకే నేరుగా యాంటీబాడీ ఇచ్చే నిర్సెవిమాబ్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది. సాధారణంగా ఈ రెండిట్లో ఏదో ఒకటి చాలు. టీకా వేసే వారాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి వచ్చే చెకప్‌లోనే అడగండి, ప్రసవం దగ్గరపడ్డాక వేయించుకుంటే యాంటీబాడీలు బిడ్డకి చేరేంత టైమ్ ఉండదు.