సొంత ఊళ్లో క్రైస్తవ సంఘం పెడతానన్న అబ్బాయికి

నాయనా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఉద్యోగం మానేసి జూన్ కల్లా ఊరొచ్చేస్తానని, మీ నాన్న గొడ్లచావిడి స్థలంలో రేకుల షెడ్డు వేసి ఆరాధన మొదలుపెడతానని అన్నావు. చాలా సంతోషం. అయితే నువ్వు అడిగింది ప్రార్థన కాదు, సలహా. ముప్ఫయ్యెనిమిదేళ్ల పరిచర్యలో నేను చూసింది చూసినట్టు రాస్తాను, కొన్ని మాటలు నీకు రుచించవు, అయినా చివరిదాకా చదువు.

ముందు ఆ ఉద్యోగం సంగతి. మానకు. మానే తీరాలంటే చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసుల్లో లెక్కలు రాసే పనైనా, ఒంగోల్లో ట్యూషన్లైనా చూసుకుని రా. పౌలంతటివాడు కొరింథులో అకుల ప్రిస్కిల్లతో కలిసి డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పాడు, నీకూ నాకూ నామోషీ ఎందుకు? పాపకి ఇంకా రెండేళ్లు నిండలేదు, మొదటి మూడు నాలుగేళ్లు ఆ సంఘం నిన్ను పోషించలేదు. పోషించలేని జనం మీద ఆధారపడి బతికితే ఏమవుతుందో నాకు తెలుసు, ప్రసంగం మధ్యలో కళ్లు కానుకల సంచి వైపు వెళ్తాయి. మూడో ఏడు నాకు వెళ్లాయి. ఆ ఏడాదంతా డబ్బున్న ఒక పెద్దమనిషికి బాధ కలిగే మాట ఏదీ చెప్పలేకపోయాను. ఆయన కూలివాళ్లకి డబ్బులు ఎగ్గొడుతున్నాడని తెలిసి కూడా.

సొంత ఊరు అన్నావు కదా, అది సులువని మాత్రం అనుకోకు. ప్రభువుని సొంత ఊరు నజరేతు వాళ్లే కొండ అంచుదాకా తోసుకెళ్లారు. నువ్వు పదో తరగతిలో ఎవరి తోటలో మామిడికాయలు కోశావో, మీ అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగాదా ఎక్కడ ఆగిందో ఊరందరికీ తెలుసు. వేరే ఊళ్లో అయితే నీ ప్రసంగం విని నీ గురించి ఒక అభిప్రాయానికి వస్తారు, ఇక్కడ నిన్ను చూసి నీ ప్రసంగం వినాలా వద్దా అని తేల్చుకుంటారు. అందుకే మొదటి కూడిక పెట్టకముందే ఆ గట్టు తగాదా తీర్చుకో. రెండు మూరల నేల పోతే పోనీ. మీ పెదనాన్న ఇంటికి వెళ్లి, ఆయన అరుగు మీద కూర్చుని, తప్పు మాదే పెదనాన్నా అను. అది ఊళ్లో తిరిగినంత వేగంగా ఏ కరపత్రమూ తిరగదు.

రెండో సంగతి, మీ ఊళ్లో చర్చి లేదన్నట్టు మాట్లాడావు. ఉంది. మీ నాయనమ్మ బాప్తిస్మం తీసుకున్న బాప్టిస్టు చర్చి పేటలో ఇప్పటికీ ఉంది. గోడలు పెచ్చులూడుతున్నాయి, పాస్టరు గారికి డెబ్భై దాటాయి, పాటలు నెమ్మదిగా పాడతారు, అంతమాత్రాన అది లేనట్టు కాదు. కొత్త సంఘాలు చాలావరకు ఎలా పెరుగుతున్నాయో నువ్వూ చూస్తూనే ఉన్నావు, పాత సంఘంలో అలిగినవాళ్లని, పాస్టరుతో పడనివాళ్లని పోగుచేసుకుని. కీబోర్డు, ప్యాడ్స్, రంగురంగుల లైట్లు పెడితే కుర్రాళ్లు వస్తారు. ఆర్నెల్లలో అరవై మంది అయ్యారని ఫొటో పెడతారు, కానీ ఊళ్లో కొత్తగా ఒక్కరు కూడా ప్రభువుని ఎరగలేదు, పాత మందలో గొర్రెలే దొడ్డి మారాయి. నీ దగ్గరికి అలిగి వచ్చినవాడు రెండేళ్లకి నీ మీద కూడా అలుగుతాడు. కాబట్టి ముందు ఆ పెద్ద పాస్టరు గారి దగ్గరికి వెళ్లు. పళ్లు పట్టుకెళ్లు. అయ్యగారూ, మీ సంఘంలోంచి ఎవరు వచ్చినా మీతో మాట్లాడకుండా చేర్చుకోను అని చెప్పు. ఆ మాట మీద నిలబడు.

ఇక జనం గురించి. మన ఒంగోలు చరిత్ర నువ్వు బైబిల్ కాలేజీలో పరీక్ష కోసం చదివి ఉంటావు, నేను మా తాత నోట విన్నాను. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ని, ఫలితం లేదని, అమెరికాలోని మిషన్ పెద్దలు ఒకటికి రెండుసార్లు మూసేద్దామా అనుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ జూయెట్ దొర దంపతులూ, ముగ్గురు తెలుగు విశ్వాసులూ, మొత్తం అయిదుగురు, ఒంగోలు కొండెక్కి ఈ ప్రాంతానికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ మనిషి, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. లెక్క వేసుకో, పన్నెండేళ్లు. 1867 జనవరిలో ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. నువ్వేమో మొదటి ఏడాదికే వంద మంది టార్గెట్ అంటున్నావు.

నాకు ఇంకా ముఖ్యమనిపించేది ఆ తర్వాతి సంగతి. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. గంజి దొరికిన చోట జనం బాప్తిస్మం కూడా అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం సాగినంత కాలం ఆపేశాడు, తిండి కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తేలాలని. కరువు పని అయిపోయి, చేతిలో ఇవ్వడానికి ఏమీ లేని రోజున కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర నీళ్లలో దిగలేదు, మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. మన వాళ్లందరూ 2,222 అనే అంకె చెప్పుకుంటారు. ఆయన వద్దన్న నెలల గురించి ఎవరూ చెప్పుకోరు. నువ్వు ఆ నెలల్ని గుర్తుపెట్టుకో. బియ్యం ఇవ్వు, చీర ఇవ్వు, ఆకలిగా ఉన్నవాడికి పెట్టకపోతే మనం క్రైస్తవులమే కాదు, కానీ ఇచ్చిన ఇంట్లో ఆ రోజు బాప్తిస్మం మాట ఎత్తకు.

బాప్తిస్మం అడిగినవాళ్లకి ఇంకో నిజం కూడా ముందే చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవుడైన ఎస్సీ మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తాడు. ఇది అన్యాయమని నేను అంటాను, ఎప్పటినుంచో అంటున్నాను, కానీ నా అభిప్రాయం వల్ల వాళ్ల పిల్లల సర్టిఫికెట్ మారదు. ఇంటర్ చదివే కూతురున్న తండ్రికి ఈ సంగతి దాచి నీళ్లలో ముంచితే, రేపు ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద ఆయన కన్నీళ్లకి నువ్వే బాధ్యుడివి. చెప్పు, ఇంట్లో మాట్లాడుకోమను, ఏడాది ఆగినా ఫర్వాలేదు.

షెడ్డు కూడా ఇప్పుడే వద్దు. ఇళ్లలో కూడండి. ఎప్పుడు కూడాలో నువ్వు నిర్ణయించకు, కూలికి వెళ్లే ఆడవాళ్లని అడుగు. మిరపకోతలప్పుడు వాళ్లు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేసరికే చీకటి పడుతుంది, పొగాకు ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ల కాలంలో మగవాళ్లు రాత్రుళ్లు మంట దగ్గరే కాపలా ఉంటారు. నేను ఒక సీజనంతా బ్యారన్ దగ్గరికే వెళ్లి, ఆకు వాసన మధ్య, నలుగురితో వాక్యం చదివాను. ఆ నలుగురిలో ఇద్దరు ఈరోజు సంఘ పెద్దలు. ప్రసంగం ఇరవై నిమిషాలు దాటనీయకు. పొద్దుటి నుంచి వంగి పనిచేసిన మనిషి కునికితే అది అవిశ్వాసం కాదు, అలసట.

డబ్బు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే సంఘాలు సిద్ధాంతాల దగ్గర కంటే డబ్బు దగ్గరే ఎక్కువ పగులుతాయి. మా దగ్గర ఇప్పటికీ ఎలా చేస్తామంటే, ఆరాధన అయ్యాక సంచి అందరి ముందే చాప మీద బోర్లిస్తాం. కొంగు ముడిలో నలిగి, చెమటకి మెత్తబడ్డ పది రూపాయల నోట్లు, కొన్నిటికి పసుపు మరకలు, ఒక ముసలమ్మ వారం వారం వేసే రెండు రూపాయల బిళ్ల. ఇద్దరు లెక్కపెడతారు, వాళ్లిద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, మూడోమనిషి నోటుబుక్కులో రాసి పైకి చదువుతాడు. పాస్టరు ముట్టుకోడు. నీ భార్య కూడా ముట్టుకోకూడదు. దాని విలువ పదేళ్ల తర్వాత, ఎవరో ఒకరు నీ మీద నింద వేసినప్పుడు తెలుస్తుంది, అప్పుడు నువ్వు నోరు విప్పక్కర్లేదు, ఆ ముసలమ్మే సమాధానం చెప్తుంది.

స్థలం నీ పేరునో మీ నాన్న పేరునో ఉంచకు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేయించు, స్థలమూ బ్యాంకు ఖాతా ఆ సొసైటీ పేరునే ఉండాలి, చెక్కు మీద రెండు సంతకాలు. ఆ ఏడుగురిలో మీ ఇంటివాళ్లు ఒక్కరికి మించకూడదు. ఇది చట్టం కాదు, నా మాట. విదేశాల నుంచి ఎవరైనా డబ్బు పంపుతానంటే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు, స్నేహితుడి ఖాతాలో వేయించుకోవడం లాంటి దారులు వెతక్కు. పెళ్లిళ్లు చేయడానికి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు కావాలి, అది వచ్చేదాకా పెళ్లిళ్లు ఆ పెద్ద పాస్టరు గారి చేతే చేయించు, ఆయనకి లైసెన్సు ఉంది, నీకు స్నేహమూ మిగులుతుంది. మైకుకి పర్మిషన్ తీసుకో, రాత్రి పది దాటితే ఆపెయ్యి. అసలు ఇరవై మందికి మైకు ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. పక్కింట్లో పరీక్షలకి చదువుకునే పిల్ల ఉంటుంది, గుళ్లో భజన ఉంటుంది. వాళ్ల దేవుళ్ల గురించి ఒక్క చులకన మాట నీ నోటి నుంచి రాకూడదు. వాళ్లు మన చుట్టాలు, మన పొలంగట్టు వాళ్లు, చిన్నప్పుడు మనకి అన్నం పెట్టినవాళ్లు.

స్వస్థత ప్రార్థనలు చెయ్యి, నేనూ చేస్తాను, దేవుడు బాగుచేసిన వాళ్లని చూశాను. కానీ మాత్రలు మానమని ఎవరికీ చెప్పకు. మా పక్క మండలంలో ఒకాయన మాట విని, షుగరున్న ఒక నలభై ఏళ్ల మనిషి ఇన్సులిన్ ఆపేశాడు. నాకు కబురు వచ్చేసరికి మాట పడిపోయింది. ఒంగోలు పెద్దాసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే తల నా ఒళ్లో ఉంది. తెల్లారేదాకా బతకలేదు. అప్పటి నుంచి నేను ప్రార్థన చేసిన ప్రతి రోగినీ, మందులు వేసుకున్నావా అని అడిగాకే బయటికి వస్తాను.

కులం సంగతి నీకు చెప్పేదేముంది, నీకూ తెలుసు. మన వైపు ఏ చర్చి పేరు చెప్పినా అది ఏ పేట వాళ్లదో జనం చెప్పేస్తారు. నువ్వు మీ పేటలో మొదలుపెడితే అది మీ పేట సంఘమే అవుతుంది, తర్వాత ఎంత ప్రయత్నించినా అవతలి పేట వాళ్లు చుట్టపుచూపుగా వస్తారంతే. మొదటి నెల నుంచే ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ కూడు. వాళ్లింట్లో భోంచెయ్యి, నీ భార్యాపిల్లల్ని కూడా తీసుకెళ్లు. మీ ఇంట్లోనే ఎవరో ఒకరు ముఖం ముడుచుకుంటారు, ఆ పోరాటం మాత్రం నువ్వు పడాల్సిందే.

కట్టడం విషయంలో నా తప్పు నువ్వు చేయకు. నాలుగో ఏడు, ముప్ఫై కుటుంబాలు అయ్యేసరికి నాకు తొందర పుట్టింది. వడ్డీకి తెచ్చి పిల్లర్లు లేపాను. స్లాబు దగ్గర డబ్బు అయిపోయింది. ఆరేళ్లపాటు ఆ ఇనుప చువ్వలు ఆకాశంలోకి తుప్పు పట్టి నిలబడ్డాయి, వడ్డీ కట్టడానికి కూలి తల్లుల కానుకలు పోయాయి. వాళ్లు ఒక్కమాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నిజానికి గోడలకంటే ముందు మీకు కావాల్సింది సమాధుల స్థలం. ఎవరూ ఆలోచించరు. కొత్త సంఘంలో మొదటి మనిషి చనిపోయిన రోజు, పాత చర్చి వాళ్లు తమ సమాధుల దొడ్డిలో చోటు ఇవ్వం అంటారు, ఊరి శ్మశానంలో ఇంకొకరు వద్దంటారు, శవం ఎండలో ఉంటుంది. మాకు అలాగే అయింది. ఒక రైతు, మన విశ్వాసి కూడా కాదు, తన చేను మూల ఇక్కడ తవ్వుకోండి అన్నాడు. వానలో నేనూ ఇద్దరు కుర్రాళ్లూ తవ్వాం, నల్లరేగడి పారకి అంటుకుని రాలేదు, చేతులతో తోడాం. ఆ సాయంత్రం నుంచే ఊరు మమ్మల్ని ఒక సంఘంగా చూసింది. ఇప్పటినుంచే పంచాయతీలో, ఎమ్మార్వో దగ్గర అర్జీ పెట్టి తిరగడం మొదలుపెట్టు, ఏళ్లు పడుతుంది.

ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ మీద నా ఫొటో వేస్తానన్నావు, వద్దు. ఆ రోజు నేను రాను. మిరపకోతలు అయ్యాక ఒక మామూలు ఆదివారం చెప్పు, బస్సులో వచ్చి వెనక చాప మీద కూర్చుంటాను. మీ సంఘంలో ఎవరైనా పోతే మాత్రం, అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి. పారా గడ్డపారా నా దగ్గరున్నాయి, తీసుకుని వస్తాను.