లేక్ గట్టున ఊరికే మకాం: మీరడిగినవి, నేను చెప్పేవి

పోయిన నెల మాటల్లో మాటగా, అమెరికాలో లేక్ పక్కన పైసా కట్టకుండా టెంట్ వేసుకుని పడుకోవచ్చు అని ఒక్క ముక్క రాశాను, అంతే, ఇన్‌బాక్స్ నిండిపోయింది. అన్నిటికీ జవాబు రాయడం నావల్ల కాదు గానీ ఎక్కువమంది అడిగినవి ఏరి పెడుతున్నా. దీన్నే బూన్‌డాకింగ్ అంటారు, ఒకాయన అది బోటు కట్టేసుకునే డాక్ ఏమో అనుకున్నారట. కాదండీ, ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషలో కొండని బుండోక్ అంటారు, అక్కడ పనిచేసిన అమెరికా సైనికులు ఆ మాట ఇంటికి తెచ్చుకున్నారు, అడవీ కొండా లాంటి మారుమూల చోటు అని అర్థం. కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్ ఏదీ లేకుండా బండిలోనో టెంట్‌లోనో ఉండటం, అంతే.

మేం డాలస్‌లో ఉంటాం. క్యాంప్‌గ్రౌండ్ రిజర్వేషన్లు ఆరు నెలల ముందే అయిపోతున్నాయి. మాకు దగ్గర్లో ఫ్రీగా లేక్ పక్కన ఉండే చోటు చెప్పండి, అసలు అది లీగలేనా? – ఒక పాఠకుడు, డాలస్

లీగలే, కానీ మీరు రాంగ్ స్టేట్‌లో ఉన్నారు సార్. ఈ ఆటలో మొదటి ప్రశ్న లేక్ ఎంత బాగుంది అని కాదు, ఆ నేల ఎవరిది అని. ఊరికే ఉండనిచ్చేది ఎక్కువగా ఫెడరల్ ప్రభుత్వ నేల మీదే. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అందరూ బీఎల్ఎం అంటారు, ఫెడరల్ భూములు చూసే సంస్థ, దాని చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలు ఉంది, మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా 6.8 కోట్ల ఎకరాలే, అంటే మూడున్నర రెట్లు. ఫారెస్ట్ సర్వీస్‌కి ఇంకో 19.3 కోట్లు. ఇందులో చాలా భాగం పడమటి రాష్ట్రాల్లోనే ఉంది, నెవాడా, యూటా, మోంటానా, ఐడహో అలా. టెక్సాస్ 1845లో అమెరికాలో కలిసినప్పుడు తన ప్రభుత్వ భూముల్ని తన దగ్గరే ఉంచుకుంది, తర్వాత అమ్ముకుంటూ పోయింది, అందుకే ఇవాళ మీకు ఎటు చూసినా కంచె, గేటు, నో ట్రెస్‌పాసింగ్ బోర్డు. ఆ బోర్డుని మాత్రం ఊళ్ళో పక్కవాడి మామిడితోట కంచెలా తీసుకోకండి.

మరీ నిరాశ పడక్కర్లేదు, టెక్సాస్‌లో నాలుగు నేషనల్ ఫారెస్ట్‌లు ఉన్నాయి, శామ్ హ్యూస్టన్, డేవీ క్రాకెట్, ఆంజెలీనా, సబీన్. వాటిల్లో చాలా చోట్ల రోడ్డు దిగి టెంట్ వేసుకోవచ్చు, డబ్బు లేదు. కాకపోతే జింకల వేట సీజన్‌లో వాళ్ళు చెప్పిన హంటర్ క్యాంపుల్లోనే ఉండాలి, ఆ రోజుల్లో వెళ్తే పిల్లలకి కూడా ఆరెంజ్ రంగు జాకెట్ తొడగండి, స్టైల్ కోసం కాదు. బయల్దేరే ముందు ఆ ఫారెస్ట్ రేంజర్ ఆఫీసుకి ఒక్క ఫోన్ కొట్టండి, వాళ్ళు విసుక్కోరు. మోటర్ వెహికల్ యూజ్ మ్యాప్ అని ఒకటి ఫ్రీగా ఇస్తారు, ఏ రోడ్డు మీద బండి వెళ్ళొచ్చు, ఎక్కడ రోడ్డు పక్కన ఆపి ఉండొచ్చు అన్నది దాంట్లో ఉంటుంది, ఫోన్‌లో సేవ్ చేసుకోండి, అక్కడికెళ్ళాక నెట్ ఉండదు.

మోంటానాలో ఫోర్ట్ పెక్ లేక్ అంతా ఫ్రీ అని విన్నాం. మా దగ్గర మామూలు ఎస్‌యూవీ ఉంది, ఆల్ వీల్ డ్రైవ్ కూడా. వెళ్ళొచ్చా? – ఒక పాఠకురాలు, సియాటిల్

అమ్మా, ఇది నా కథ చెప్పుకునే అవకాశం, కాస్త ఓపిక పట్టండి.

ఫోర్ట్ పెక్ అంటే మిస్సోరి నది మీద 1933లో మొదలుపెట్టి 1940లో పూర్తి చేసిన మట్టి డ్యామ్. 1936లో లైఫ్ పత్రిక కొత్త రూపంలో వచ్చిన మొదటి సంచిక కవర్ మీద ఉన్న కాంక్రీట్ కట్టడాలు దీని స్పిల్‌వేవే, అంటే ఎక్కువైన నీళ్ళు వదిలే భాగం. లేక్ పొడవు 134 మైళ్ళు, గట్టు చుట్టుకొలత 1,520 మైళ్ళు, ఆ కొమ్మలు కొమ్మలుగా చీలిన తీరం వెంట ఆ డ్యామ్ చూసుకునే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళు కొన్ని చోట్ల ఉచితంగా ఉండనిస్తారు, ఫోర్‌షెట్ బే లాంటివి. ఒక గుంట మరుగుదొడ్డి, ఒకట్రెండు బల్లలు, అంతే, తాగే నీళ్ళు లేవు. చుట్టూ ఉన్నది ఛార్లెస్ రస్సెల్ వన్యప్రాణి రక్షిత ప్రాంతం, 11 లక్షల ఎకరాలు, అందులో కూడా తెరిచి ఉంచిన రోడ్డుకి వంద గజాల లోపల మకాం పెట్టుకోవచ్చు, పద్నాలుగు రోజుల దాకా.

ఇంతవరకూ స్వర్గం. ఇప్పుడు నేల సంగతి. అక్కడి మట్టిని గంబో అంటారు, బెంటొనైట్ ఉన్న జిగట మట్టి. మాది పల్నాడు, నల్లరేగడిలో పుట్టిపెరిగినవాణ్ణి, వాన పడితే చెప్పు పాదాన్ని వదిలి నేలలో ఉండిపోతుందని నాకు చిన్నప్పట్నుంచే తెలుసు, అయినా సరే ఆ సాయంత్రం ఆకాశం అద్దంలా ఉంది కదా అని ముప్పై మైళ్ళ మట్టి రోడ్డు దిగి వెళ్ళి గట్టున టెంట్ వేశాం. రాత్రి ఒక అరగంట వాన. అరగంటే. పొద్దున బండి స్టార్ట్ చేసి పదడుగులు పోయానో లేదో టైర్లకి మట్టి పట్టి పట్టి టైరు లావైపోయి పైనున్న ఫెండర్‌కి ఆనుకుని చక్రం తిరగడం మానేసింది, బండి ముందుకి కాకుండా పక్కకి జారుతోంది, ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే ఏం లాభం, నాలుగు చక్రాలూ కలిసికట్టుగా జారాయి. మా ఆవిడ దిగి నడుద్దామని కాలు పెడితే బూటు కింద ఇంకో కేజీ బూటు.

అటుగా ఎవరో రాంచ్ ఆయన పికప్‌లో గుట్ట మీద కనబడ్డాడు, కిందకి కూడా రాలేదు, కిటికీలోంచి చెయ్యి ఊపి ఎండే దాకా కదలొద్దు అని అరిచి వెళ్ళిపోయాడు. మొదట కోపమొచ్చింది, తర్వాత అర్థమైంది, ఆయన కిందకి వస్తే ఆయన బండీ దిగబడేది. రెండు రాత్రులు అదనంగా ఉన్నాం. బియ్యం ఉన్నాయి, ఆవకాయ ఉంది, నీళ్ళే మూడు గ్యాలన్లకి వచ్చాయి, ఇద్దరికీ. మూడోరోజు ఎండా గాలీ రెండూ గట్టిగా కొట్టి మధ్యాహ్నానికి ఆ రోడ్డు సిమెంట్‌లా అయిపోయింది, ఏమీ జరగనట్టు బయటికొచ్చేశాం.

కాబట్టి వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి, మీరు అనుకున్న రోజులకి ఇంకో మూడు రోజుల తిండీ నీళ్ళూ మందులూ కలిపి పెట్టుకుని వెళ్ళండి. ఫోర్‌షెట్ బే అయితే మాల్టా ఊరు నుంచి అరవై మైళ్ళ దాకా ఉంది, చివరి భాగం తడిస్తే ఇక దారి లేనట్టే. వాన సూచన ఉంటే ముందు రోజే బయటికొచ్చేయండి. తడి మట్టి మీద బలవంతంగా నడిపితే పడే గాడులు ఎండి రాయిలా మిగిలిపోతాయి, తర్వాత వచ్చేవాడి బండి నడుం విరుగుతుంది. ఇంకోటి, అద్దె కారైతే అగ్రిమెంట్ చదవండి, తారు లేని రోడ్డు మీద నడపకూడదని చాలావాటిలో రాసి ఉంటుంది, దిగబడితే టో బిల్లు మొత్తం మీదే. కయాక్ కారు పైన కట్టుకున్నారా, మోంటానాలో పడవల ఇన్‌స్పెక్షన్ స్టేషన్ కనబడితే ఆగి తీరాలి, గాలి కొట్టే బొమ్మ పడవలాంటిదైనా సరే. ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి మస్సెల్స్ అనే చిన్న గవ్వ పురుగులు పోకుండా చూస్తారు.

మా అమ్మ ఇండియా నుంచి వచ్చారు, 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడకి బాత్‌రూమ్ విషయమే భయం. ఎలా? – ఒక పాఠకురాలు, ఫీనిక్స్

ఈ ప్రశ్న అడిగినందుకు థాంక్స్, మగవాళ్ళు ఒక్కరూ అడగలేదు.

గొయ్యి తవ్వే పద్ధతి ఒకటుంది, నీటికి 200 అడుగుల దూరంలో, అంటే పెద్దవాళ్ళ అంగలు ఒక డెబ్భై, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు తవ్వి పూడ్చేయాలి, కాగితం మాత్రం కవర్లో వెనక్కి తెచ్చుకోవాలి. కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషిని చీకట్లో గొయ్యి మీద కూర్చోమనడం పాపం. మడత కమోడ్ కుర్చీ ఒకటి కొనండి, కింద బకెట్, బకెట్లో జెల్ పొడి ఉండే బ్యాగ్, చుట్టూ షవర్ టెంట్ అని చిన్న గుడారం వస్తుంది. బ్యాగ్ మూతి కట్టి ఇంకో బ్యాగ్‌లో వేసి ఊళ్ళో చెత్తకుండీలో వేసేయొచ్చు, దానికోసం తయారుచేసినవి కొనాలి, మామూలు కవర్లు కాదు. చెంబు మర్చిపోకండి. ఆవిడకి ఒక్కరికే రోజుకి అదనంగా ఒక గ్యాలన్ నీళ్ళు లెక్క వేసుకోండి, ఇంగ్లీషు గైడ్‌లు అన్నీ కాగితం లెక్కలే రాస్తాయి, మన లెక్క వేరు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకో గ్యాలన్ తక్కువలో తక్కువ, ఎండాకాలం ఆరిజోనా అయితే రెండు.

గిన్నెలు లేక్‌లో కడగొద్దు, సబ్బు బయోడిగ్రేడబుల్ అని రాసున్నా సరే. నీళ్ళు పట్టి దూరంగా తెచ్చి కడిగి, మెతుకులు వడగట్టి చెత్తలో వేసి, ఆ నీళ్ళు నేల మీద చల్లేయండి. నిజం చెప్పాలంటే మొదటి రాత్రి అమ్మగారిని డబ్బు కట్టే క్యాంప్‌గ్రౌండ్‌కి తీసుకెళ్ళండి, ఆవిడకి నచ్చితే రెండోసారి ఫ్రీ చోటు. మా అత్తగారికి నచ్చలేదు, మేం బలవంతం చేశాం, ఆ ట్రిప్ ఊసు ఇప్పటికీ ఇంట్లో ఎత్తం.

లేక్ నీళ్ళే ఉన్నాయి కదా, కాచుకుని తాగితే చాలదా? – ఒక పాఠకుడు, డెన్వర్

సూక్ష్మజీవుల వరకూ చాలు. కానీ నీళ్ళ మీద ఆకుపచ్చగా పెయింట్ ఒలికినట్టో పప్పు గుజ్జులానో తేలుతుంటే అది సైనోబాక్టీరియా కావచ్చు, దాని విషం కాస్తే పోదు, ఎండాకాలం చివర్లో ఎక్కువ. మామూలు ఫిల్టర్‌ని కూడా నమ్మొద్దు. కుక్కని అసలు దిగనివ్వొద్దు. నీళ్ళు ఇంటి నుంచే మోసుకెళ్ళండి.

రాత్రి చలికి బార్బెక్యూ బొగ్గుల కుంపటి టెంట్‌లో పెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఓహాయో

వద్దు. వద్దు. బొగ్గు ఆరిపోయినట్టు కనిపించినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది, వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వ్యాన్‌లో స్టవ్ వెలిగించి వెచ్చగా పడుకోవడం కూడా అంతే. వేడినీళ్ళ సీసాని స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకోండి, తెల్లారే దాకా గోరువెచ్చగా ఉంటుంది.

బయట మంట సంగతి కూడా చెప్పేస్తా. కట్టెలు ఇంటి నుంచి వంద మైళ్ళు మోసుకెళ్ళొద్దు, చెట్లు తినే పురుగులు కట్టెల్లోనే ప్రయాణిస్తాయి, అక్కడే కొనండి. కాలిఫోర్నియా అయితే ఫెడరల్ నేల మీద గ్యాస్ స్టవ్ వెలిగించడానికి కూడా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి, ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఇస్తారు, ఐదు నిమిషాలు. ఫైర్ బ్యాన్ ఉందో లేదో ఆ వారమే చూసుకోండి.

వర్క్ ఫ్రమ్ హోమ్ కదా, అద్దె మానేసి వ్యాన్‌లో ఒకే లేక్ దగ్గర సంవత్సరమంతా ఉండిపోతే? – ఒక పాఠకుడు, సాక్రమెంటో

మీ అద్దె బాధ అర్థమైంది గానీ కుదరదు. బీఎల్ఎం నేల మీద మామూలుగా 28 రోజుల్లో 14 రోజులే, తర్వాత వేరే చోటికి, చాలా ఆఫీసులు కనీసం పాతిక మైళ్ళు జరగమంటాయి. చలికాలమంతా ఒకేచోట ఉండాలంటే ఆరిజోనా క్వార్ట్‌జ్‌సైట్ వైపు లాంగ్ టర్మ్ ప్రాంతాలు ఉన్నాయి, సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, దానికి పర్మిట్ డబ్బు కట్టాలి, లేక్ కూడా ఉండదు, ఎడారి.

వ్యాన్‌లో పని అన్నారు కాబట్టి కరెంటు లెక్క కూడా: ల్యాప్‌టాప్‌కి 60 వాట్లు అనుకుంటే ఎనిమిది గంటలకి 480 వాట్ అవర్లు, 12 వోల్టుల వంద ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో 1,280 దాకా ఉంటుంది, అంటే మబ్బు పట్టినా రెండు రోజులు లాగొచ్చు. ఇండక్షన్ పొయ్యి మీద పప్పు వండితే మాత్రం సాయంత్రానికి మీటింగ్‌లో మాయమవుతారు.

సాంబారు వాసనకి ఎలుగుబంట్లు వస్తాయా? – ఇద్దరు ముగ్గురు అడిగారు

సాంబారే కాదు, టూత్‌పేస్ట్ వాసనకి కూడా వస్తాయి. టెంట్‌లో తిండి, పేస్ట్, క్రీమ్ ఏదీ ఉంచొద్దు, వంద గజాలు దూరంగా వండుకోండి, ఎలుగుల ప్రాంతమైతే తిండంతా బేర్ క్యానిస్టర్‌లో, అంటే ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో. కారులో పెట్టొచ్చా అనేది చోటుని బట్టి, కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో ఎలుగులు కారు తలుపు వంచేసి తీసుకున్న చరిత్ర ఉంది.

హైదరాబాద్ నుంచి నాగార్జున సాగర్ బ్యాక్‌వాటర్ గట్టున ఇలాగే బండి ఆపి ఉండొచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

అమెరికాలో లాగా హక్కుగా ఉండే రూల్ మనకి లేదు. రిజర్వాయర్ ఇరిగేషన్ వాళ్ళది, పక్కనున్న అడవిలో చాలా భాగం టైగర్ రిజర్వ్, అక్కడ రాత్రి పర్మిషన్ లేకుండా దొరికితే కేసు. ఊరి పక్కన పట్టా పొలం ఉన్న రైతుని అడిగి ఆయన చేనులో ఉండటం మంచి దారి, భోజనానికి డబ్బిస్తామంటే సంతోషంగా పెడతారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోయి ఖాళీ అయిన ఆ చదునైన నేలే టెంట్‌కి ముచ్చటగా కనబడుతుంది, పైన ఎండి కింద పచ్చి బురద ఉంటుంది, బండి దించొద్దు. ఆగస్టు, సెప్టెంబర్‌లో పైన శ్రీశైలం నుంచి వరద వదిలితే రాత్రికి రాత్రి నీళ్ళు జరిగి వస్తాయి. పాత నీటి గీత ఒడ్డు మీద మరకలాగా కనబడుతుంది, దానికి పైన వేయండి టెంట్.