మిద్దె తోట – మీ ప్రశ్నలు: వేసవి ఎండ, కోతులు, ఎలుకలు

ప్రశ్న: మిద్దె మీద కుండీల్లో టమాటా, వంగ, బెండ పెంచుతున్నాము. మార్చి దాకా విరగకాసిన టమాటాకు ఇప్పుడు పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోతున్నది. షేడ్‌నెట్ కట్టిద్దామని అనుకుంటుండగానే కోతుల గుంపు దిగి, ఉన్న కాయలను కొరికి పారేసి పోయింది. నెట్ కడితే ఎండకూ కోతులకూ ఒకేసారి అడ్డుకట్ట పడుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: షేడ్‌నెట్ ఎండను తగ్గిస్తుంది గాని కోతిని ఆపదు. ఒక కోతి వేలు దూర్చి లాగితే చాలు, ఆ చిరుగులోంచి గుంపంతా లోపలికి వస్తుంది. అందుచేత ముందుగా ఏ మొక్కను కాపాడుకోవాలో, దేనిని ఈ రెండు నెలలు వదులుకోవాలో తేల్చుకోవడం మంచిది.

టమాటా విషయంలో నిర్మొహమాటంగా చెప్పాలంటే, మే నెలలో మీ ఊళ్లో దాని కోసం ఖర్చు పెట్టవద్దు. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే పుప్పొడి శక్తి కోల్పోతుంది. ఫలదీకరణ జరగని పువ్వు కాడ కణుపు దగ్గర పసుపు పచ్చబడి, వేలు తగిలితే ఊడి వస్తుంది. ఇది తెగులూ కాదు, పోషక లోపమూ కాదు కనుక పూత నిలిపే మందులు చల్లినా, ఎరువు పెంచినా పెద్దగా ప్రయోజనం ఉండదు. ముదిరిన మొక్కలను తీసేసి, మే చివర్లో నీడపట్టున కొత్త నారు పోసుకుంటే తొలకరి తరువాత నాటుకోవడానికి అందివస్తుంది. వంగను మాత్రం పీకవద్దు. మోకాలెత్తు మిగిల్చి కొమ్మలు కత్తిరిస్తే వానలకు మళ్లీ చిగిర్చి కాస్తుంది. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి వేడికి ఓర్చుకుంటాయి. వీటికి 50 శాతం (సగం ఎండను ఆపే) షేడ్‌నెట్ సరిపోతుంది. అంతకంటే దట్టమైనది కడితే మొక్క పొడుగ్గా సాగుతుందే గాని కాపు తగ్గుతుంది.

నెట్ కంటే ముందు కుండీల అడుగు చూడండి. స్లాబు మీద నేరుగా పెట్టిన నల్ల ప్లాస్టిక్ కుండీలో మధ్యాహ్నం మూడు గంటలకు వేలు పెడితే మట్టి చురుక్కుమంటుంది. ఆ వేడికి వేళ్లు ఉడికిపోతాయి. కుండీలను ఇటుకల మీదికి ఎత్తి, పడమటి వైపు వాటికి పాత గోనెసంచి చుట్టి, మొక్క మొదలు చుట్టూ రెండంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరవాలి. నీళ్లు తెల్లవారుజామున, కుండీ అడుగునుంచి కారేదాకా పోయాలి. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలినంత మాత్రాన కంగారుపడి మళ్లీ పోయవద్దు. సాయంత్రానికి అవే నిలబడితే మట్టిలో తేమ ఉన్నట్టే. పొద్దుపోయాక కూడా వాలి ఉన్నప్పుడే, వేలితో మట్టి తడి చూసి, నీళ్లు ఇవ్వాలి.

ఇక కోతులు. వేసవిలో అడవుల్లో, గుట్టల మీద తిండీ నీరూ కరువై, చేలు కూడా కోతలైపోయి ఖాళీగా ఉంటాయి కాబట్టి, పచ్చగా కనిపించే మిద్దె తోట వాటికి కంచంలో వడ్డించినట్టే. పులి బొమ్మ, టపాకాయ వంటివి కొద్దిరోజులే పనిచేస్తాయి. కొండముచ్చును తెచ్చి కట్టేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. (మంగళవారం గుడి దగ్గర అరటిపళ్లు పెట్టి, బుధవారం తోట పాడైందని బాధపడే వీధులు కొన్ని ఉన్నాయి, ఇరుగుపొరుగుతో ఈ మాట కూడా చెప్పి చూడండి.) నమ్మదగిన మార్గం ఇనుప జాలీ ఒక్కటే. మిద్దె మొత్తానికి కాకుండా, కాయలు కాసే నాలుగైదు కుండీల వరుసకు మాత్రమే ఇనుప చట్రం చేయించి, అన్ని వైపులా, పైన కూడా, అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ బిగించి, దాని మీదనే షేడ్‌నెట్ పరిస్తే మీరు అడిగిన రెండు పనులూ జరుగుతాయి. తేనెటీగలు ఆ కన్నాల్లోంచి రాగలవు. జాలీ బయట గోంగూర, కరివేపాకు, పుదీనా, అల్లం, పసుపు వంటివి పెట్టుకోండి. వీటి జోలికి కోతులు అంతగా రావు.

ప్రశ్న: పందిరి మీది సొర పిందెలు వేలెడంత కాగానే పసుపెక్కి ఎండిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ఎండలు ముదిరితే తీగజాతి పాదులకు మగపూలు ఎక్కువగా, ఆడపూలు తక్కువగా వస్తాయి; ఉన్న ఆడపూలకు పరాగసంపర్కం జరగకపోతే పిందె ఇలాగే మాడుతుంది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళ మగపువ్వు రేకలు తుంచి, అడుగున చిన్న కాయ ఉన్న ఆడపువ్వు మధ్య భాగానికి పుప్పొడి అంటేలా మెల్లగా రాయండి. బీరకూ ఇదే సమయం; కాకరకైతే ఉదయం చేయాలి. పిందె మీద సన్నటి గాట్లు, లోపల తెల్లటి పురుగులు కనిపిస్తే మాత్రం అది పండు ఈగ పని. అలాంటి పిందెలను పాదు కింద వదలక, ఏరి నాశనం చేయాలి.

ప్రశ్న: టమాటాలు ఎర్రబడేలోగా ఏదో కొరుకుతున్నది. మిగిలినవి కూడా ఎర్రగా కాక, పసుపు పచ్చగా పండుతున్నాయి. ఎలుకల మందు, కలరా ఉండలు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ వద్దు. ఎలుకల మందు తిన్న ఎలుకను తిని పిల్లులూ గుడ్లగూబలూ చనిపోయే ప్రమాదం ఉంది. కలరా ఉండలు తినే పంట దగ్గర ఉంచదగిన వస్తువు కావు. మొదట దొంగ ఎవరో చూడండి. పండు మీద లోతుగా గుంట పడి ఉంటే పిగిలిపిట్ట వంటి పక్షి పొడిచినట్టు. పగలు కొరికి సగం వదిలేస్తే ఉడుత. రాత్రి పూట కొరికి, కుండీల పక్కన నల్లటి పెంటికలు కనిపిస్తే ఎలుక.

ఏదైనా సరే, కాయ అడుగున లేత గులాబీ రంగు తిరగగానే కోసి ఇంట్లో నీడన పెట్టండి. ఆ దశకు వచ్చిన కాయ చెట్టు మీద లేకపోయినా చక్కగా పండుతుంది. పైగా 30 డిగ్రీలు దాటిన వేడిలో టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారు కాదు. మీ కాయలు పసుపుగా మిగిలిపోవడానికి కారణం అదే. అందువల్ల ఇంట్లో చల్లటి మూల పండినవే రంగు తేలుతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. పక్షులకు సన్నటి నైలాన్ దారపు వల వదులుగా కప్పితే వాటి కాళ్లు చిక్కుకుంటాయి, ఒక్కోసారి పాములు కూడా చిక్కుకుంటాయి. దాని బదులు గుత్తులకు పలుచటి గుడ్డ సంచి తొడిగి కట్టండి. ఎలుకలకు బోను చాలు, కొబ్బరి ముక్క ఎరగా పెట్టి గోడ వారగా ఉంచండి. ఎలుక నడిమధ్య నుంచి కాక గోడను ఆనుకునే తిరుగుతుంది.